మా మామిడిచెట్టుకు గొడ్డలి చూపిన సంగతి

మా ఊళ్లె ఇప్పటికీ నన్ను చూస్తే "ఏమమ్మా, ఈ పొద్దు తిట్టుడు లేదా?" అని అడిగెటోళ్లున్నరు. అడిగితే అడగనియ్యి. కానీ సంగతి మాత్రం నా నోటనే వినాలె. ఇంకొకళ్ల నోట వింటే నన్ను ఉత్త గయ్యాళిని చేసి చెప్తరు. నేను గయ్యాళినే, కాదనను. గని ఈ ముచ్చట్ల తప్పు నాది సగమే.

మాది ములకలపల్లి అవతల, అడివి అంచు ఊరు. మా పెరట్ల ఒక మామిడిచెట్టుంది. పద్నాలుగేండ్ల కింద మా అమ్మ కన్నమ్మ మధిర నుంచి బస్సుల, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లె పెట్టుకొని తెచ్చిన అంటుమొక్క. "చిన్నరసమే ఇది. దీని ముందు చక్కెర కూడా చప్పగుంటుంది" అని చెప్పి, తనే దగ్గరుండి గుంత తీయించి, తనే నీళ్లు పోసి పోయింది. ఇన్నేండ్లల్ల అది ఒక్క కాయ కాయలే. ఆకులకు మాత్రం తక్కువలేదు. పండుగొస్తే తోరణాలకు ఊరు ఊరంత మా పెరట్లనే ఉంటది.

నేనేం చేసిన? అబద్ధమాడిన. నాలుగో ఏడు అమ్మ ఫోన్‌ చేసి "కాసిందా?" అంటే, "కాసిందే అమ్మా, విరగకాసింది" అని నోరు జారిన. జారినంక ఇగ ఏం చేస్తం? ఖమ్మం పోయి చిన్నరసాలు కొన్న. అట్టపెట్టెల వరిగడ్డి పరిచి పేర్చిన. సాక్ష్యానికి పైన మా చెట్టు ఆకులు నాలుగు పెట్టి మధిరకు పంపిన. అది మొదలు పదేండ్లు ఇదే తంతు. ఎండాకాలం మధిర పోవుడు కూడా మానేసిన. అమ్మ పక్కన కూసుంటే నా మొకం చూసే కనిపెడతదని భయం. "పనులున్నయే అమ్మా, పెట్టె పంపుతున్న గదా" అనేదాన్ని.

ఈ ఏడు పుష్యమాసం ఆఖర్న అమ్మ ఫోన్‌ చేసింది.

"నాకు ఎనభై ఆరు వచ్చాయే. ఈసారి పెట్టె పంపొద్దు. రోహిణి కార్తెకు నేనే వస్తా. ఆ చెట్టు కింద మంచం వేయించుకొని, నా చేత్తో కోసుకొని తింటా."

ఉన్నపళంగ పెరట్లకు ఉరికిన. చెట్టు దగ్గరికి పోయి చూసిన. మాఘం వస్తున్నది, ఊళ్లె మామిళ్లన్నీ పూతతోటి ఊగుతున్నయ్. మాది మాత్రం పచ్చగ, నున్నగ, ఏమెరుగనట్టు నిలబడ్డది.

కాయని చెట్టును బెదిరించే పద్ధతి మాకు పెద్దల నాటి నుంచి ఉంది. ఒకరు గొడ్డలి పట్టుకొని "నరికేస్త" అని మీదికి పోవాలె. ఇంకొకరు అడ్డం పడి "ఈ ఒక్కసారికి ఒగ్గెయ్యి, కాస్తది, నాది పూచీ" అని బతిమాలాలె. చెట్టుకు భయమో సిగ్గో పుట్టి కాస్తదంటరు. ఇప్పుడు భయపడ్డా వెనక పూతన్న పూస్తది గదా అని నా ఆశ.

గొడ్డలి నాకే ఇచ్చినరు. "అత్తమ్మా, మీకు రిహార్సల్ అక్కర్లేదు" అన్నది మా కోడలు మనోజ్ఞ. బడిల టీచరమ్మ, మాట మెత్తగనే ఉంటది. బతిమాలే పని మా ఆయన చెంచురామయ్యకు పడ్డది. చిక్కంతా అక్కడనే వచ్చింది.

మా ఆయన సంగతి చెప్పాలె. పెండ్లయి నలభై ఒక్కేండ్లు, నా మాటకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఊళ్లె ఆడోళ్లు "నీ అదృష్టం భారతమ్మా" అంటరు. ఒక్కరోజు కాపురం చేసి చూడుర్రి, తెలుస్తది. "వంకాయ వండనా, బీరకాయ వండనా?" అంటే "సరే" అంటడు. ఏది సరే? ఆ దేవునికే తెల్వాలె.

మొదటి రోజు పొద్దుగాల స్నానం చేసి, కొంగు బిగించి, గొడ్డలెత్తిన. "ఏమే! తినుడు, తాగుడు, నీడ పరుచుకొని నిలబడుడు! పశువుల ఎరువేస్తే తిన్నవ్, వేపపిండేస్తే తిన్నవ్. సిగ్గూ శరం ఉన్నదా నీకు? ఇయ్యాల నరికేస్త!" అని అరిచి, మా ఆయన దిక్కు చూసిన.

"సరే, నీ ఇష్టం" అన్నడు.

"అది కాదయ్యా, వద్దనాలె!"

"సరే."

మనోజ్ఞ కాయితం మీద రాసిచ్చింది. రెండోసారి గొడ్డలెత్తిన. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని కాయితం చూసి, గొంతు సవరించుకొని, "‘వద్దు భారతీ’ అనమని కోడలు రాసింది. నువ్వేమంటవ్?" అని నన్నే అడిగిండు. గొడ్డలి పక్కన పారేసి లోపలికి పోయిన.

తెల్లారి లేచి చూస్తే మామిడి అట్లనే ఉన్నది. పక్కనున్న మునగచెట్టు మాత్రం కొమ్మ కొమ్మకూ పూసింది. రెండేండ్లుగా మొండికేసిన చిక్కుడుపాదు పందిరి నిండా కాసింది. స్నానాల గదిల ఉండి నా తిట్లు విన్న మా కొడుకు వెంకటకృష్ణ, మూడేండ్ల నుంచి కారుతున్న నల్లా ఎవరూ చెప్పకుండనే బిగించిండు. భయపడాల్సిన చెట్టు తప్ప అందరూ భయపడ్డరు.

ఈ వార్త ఆగుతదా? పక్కింటి జంపక్క తన జామచెట్టును డ్రమ్ముతో సహా నలుగురితోటి మోయించుకొచ్చి మా పెరట్ల దింపింది. "జర గట్టిగ తిట్టు వదినె, దీనికి చెవుడు" అన్నది. తండా నుంచి హాతీరాం బర్రెను తోలుకొచ్చిండు. మా పొలం పనులన్నీ చూసేది అతనే. ఆ పూట బర్రె అర లీటరు ఎక్కువిచ్చిందంట. ఇగ చూడుర్రి! ఒకాయన స్టార్టు కాని స్కూటర్ తెచ్చిండు. ఒకామె ఉద్యోగం చెయ్యని అల్లుణ్ణి తెచ్చి కుర్చీల కూసోబెట్టింది. బోరు మోటరును బండి మీద తెచ్చినోళ్లు కూడా ఉన్నరు. స్కూటర్ నేను "సిగ్గూ శరం" దగ్గరికి రాకముందే స్టార్టయింది. అల్లుడు మూడో రోజుకు అప్లికేషన్ పెట్టిండు.

మా ఆయన వచ్చినోళ్లందరికీ ఛాయ్ పోసేటోడు. నేను రోజూ గొడ్డలెత్తి "నరికేస్త" అనుడు, ఆయన ఛాయ్ గిన్నె పట్టుకొని "సరే" అనుడు. జనం కూడా ఆయనతోపాటు "సరే" అనుడు నేర్చినరు.

ఇట్ల కాదని హాతీరాం భార్య హేమ్లిని బతిమాలమన్న. ఆమె ఏం బతిమాలింది! చెట్టు కాళ్ల మీద పడ్డది, నా కాళ్ల మీద పడ్డది, లంబాడీ మాటల ఏదో రాగం తీసి ఏడ్చింది. "ఒగ్గెయ్యమ్మా, ఇది కాస్తది, నా బర్రె మీద ఒట్టు!" అన్నది. జంపక్క కొంగుతోటి కండ్లు తుడుచుకున్నది. అల్లుడు ఎక్కిళ్లు పెట్టిండు. మామిడి ఒక్క ఆకు కదిలియ్యలే.

తొమ్మిదో రోజు అమ్మ మళ్లీ ఫోన్‌ చేసింది. "సంచి ఇప్పటి నుంచే సర్దుకుంటున్నానే. పాత చీర ఒకటి పెట్టుకున్నా. రసం కారి మరకలు పడతాయి గదా, తినేటప్పుడు కట్టుకుంటా" అన్నది. ఆ మనిషి సంచి సర్దుకొని కూసుంటే నేనేం చూపియ్యాలె? అట్టపెట్టెనా?

ఫోన్‌ పెట్టేసి గొడ్డలి తీసిన. అత్త మీద కోపం దుత్త మీద అంటరే, గట్ల. తిట్లు లేవు, బెదిరింపు లేదు. పోయి నిజంగనే ఒక దెబ్బ ఏసిన. బొక్కెడు చెక్క లేచి హాతీరాం బర్రె ముందట పడ్డది. రెండో దెబ్బకు ఎత్తిన.

"వద్దు!"

ఎవరా అని చూసిన. మా ఆయన! ఛాయ్ గిన్నె ఎటో పారేసి, ఉరికొచ్చి, రెండు చేతులతోటి చెట్టును కరుచుకున్నడు. నలభై ఒక్కేండ్లల్ల ఆ మాట ఆయన నోట నేనైతే వినలే.

"తప్పు చెట్టుది కాదు" అన్నడు ఒగరుస్తూ. "నాది." కొంచెం ఆగి, "కాదు, నీది" అన్నడు.

"నాదా?"

"రెండో ఏడు పూత వచ్చినప్పుడు నువ్వే అన్నవ్. లేత చెట్టు, పూత ఉంచితే బలం పోతది, తుంచెయ్యమన్నవ్."

"అవ్, అన్న. అయితే?"

"తుంచిన."

"మంచిదే. ఆ తర్వాత?"

ఆయన చెట్టును ఇంకింత గట్టిగ పట్టుకున్నడు. "ఆపమని నువ్వు చెప్పలేదు గదా."

నాకు అర్థం కానీకి కొంచెం సేపు పట్టింది. చలికాలమొస్తే ఆయన రోజూ పొద్దుగాలనే మేడెక్కుతడు. మోకాళ్లకు ఎండ మంచిదని డాక్టర్ చెప్పిండంటే, పాపం అని నేనే పైకి ఛాయ్ పంపేదాన్ని. ఆయన కాగింది ఎండ కాదు! పిట్టగోడ పక్కన నిలబడి, దోటికర్రతోటి, మొగ్గ కనబడితే చాలు తుంచుతున్నడు. ఒక్క మొగ్గ మిగలకుండ! ఏ పనీ అంత శ్రద్ధగ చేసిన మనిషి కాదు.

"మరి ఆ తుంచిన పూతంత ఏది? ఒక్కనాడు నా కంట పడలేదే?" అని అరిచిన.

హాతీరాం మెల్లగ చెయ్యెత్తిండు. "నా మేకలకు ఇచ్చెటోడమ్మా. అమ్మ ఆర్డర్ అన్నడు. నేనెందుకు అడుగుత?"

గొడ్డలి చెట్టు మీది నుంచి మా ఆయన మీదికి తిప్పిన. హేమ్లి అలవాటు కొద్ది అడ్డం దూకి, ఆయనను చూపిస్తూ "ఒగ్గెయ్యమ్మా! ఈ ఒక్కసారికి! కాస్తడు, నాది పూచీ!" అని రాగం తీసింది. జంపక్క పక్కున నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. అక్కడనే చెట్టు మొదట్ల కూలబడి, అందరి ముందట ఏడ్చిన. పన్నెండు మాట్లు పూసింది నా చెట్టు. ఎవరూ చూడకుండ పూసింది. ఆ నోరులేని దాన్ని పట్టుకొని నేను తొమ్మిది రోజులు సిగ్గు లేదా, శరం లేదా అన్న.

అందరూ ఎవరి డ్రమ్ములు, ఎవరి బర్రెలు వాళ్లు పట్టుకొని పోయినంక ఆయన నా పక్కన కూసున్నడు.

"నీకు ఒక్క ఏడన్న అనిపియ్యలేదా, ఇదేందని?" అని అడిగిన.

"ఏటా అనిపించేది. తుంచబుద్ధి కాకపోయేది. నిన్ను అడుగుదామని కిందికి వచ్చేటోణ్ణి. నువ్వు ఎవర్నో ఒకర్ని తిడుతుండేదానివి. మళ్ల మేడెక్కేటోణ్ణి."

లోపలికి పోయి పొయ్యి అంటించిన. వంకాయ వండనా అని అడిగితే "వద్దు, నాకు ఎన్నడూ నచ్చలే" అన్నడు. అమ్మో అనుకున్న.

ఫాల్గుణంల చెట్టు ఆ గొడ్డలి గాటు పక్కన చిన్న రెమ్మకు ఒక్క గుత్తి పూసింది. పిందెలు ఐదు నిలిచినయ్. గాలివానకు మూడు, కోతికి ఒకటి పోయినయ్. మిగిలిన ఒక్కదానికి మనోజ్ఞ తన పాత చున్నీ కోసి సంచి కుట్టి కట్టింది. మా ఆయన చెట్టు కింద మంచమేసుకొని కావలి పండుకున్నడు. నేను తాకబోతే "ఊహూ, వద్దు" అనేటోడు. రుచి మరిగినట్టుంది ఆ మాటకు.

రోహిణి ఎండల్ల అమ్మ వచ్చింది. మనిషి సగమైంది. చెట్టంతా చూసింది, ఒక్క పండు చూసింది, ఏమీ అడగలే. పాత చీర కట్టుకొని వచ్చి, తన చేత్తోనే కోసింది. మెత్తగ పిసికి, తొడిమ కొరికి, నోట్ల పెట్టుకున్నది. మేమందరం చుట్టూ చేరి చూస్తున్నం.

అమ్మకు ఒక కన్ను మూసుకపోయింది. భుజాలు జలదరించినయ్.

"ఎట్లుందే?" అన్న.

"బాగుంది" అన్నది, ఇంకో కన్ను కూడా మూసుకొని.

నేను గుంజుకొని ఒక గుక్క పీల్చిన. చింతపండు నయం! చిన్నరసం లేదు, పెద్దరసం లేదు. ఆ అంటు అమ్మినోడు పద్నాలుగేండ్ల కిందనే మా అమ్మ నెత్తిన టోపీ పెట్టిండు.

"అమ్మా, నేను పంపిన పండ్లు..." అని ఏదో అనబోయిన.

"తెలుసులేవే" అన్నది అమ్మ, పండు మళ్లీ తీసుకుంటూ. "మూడో పెట్టెకే తెలిసింది. అందులో కొట్టువాడి చీటీ మర్చిపోయావు."

"మరి అడగలేదేందే?"

"అడిగితే పండ్లు పంపడం మానేస్తావేమో, ఆ మాత్రం నీ చేతి మూట కూడా రాదేమో అనుకున్నా. పండ్లకేమే, మా వీధిలో బండి మీద అమ్ముతారు. ఏటా పెట్టె వచ్చేది. నువ్వు రావు."

అన్నది, టెంక చీక్కుంటూ, ఎండ బాగా కాస్తుంది అన్నంత మామూలుగ. నేను ఆమె పాత చీర కుచ్చిళ్లల్ల మొకం పెట్టుకున్న. రసమంటిన చేత్తోనే నా తల నిమిరింది.

నాలుగు రోజులుండి అమ్మ బయలుదేరింది. హాతీరాం అమ్మ సంచితోపాటు నా సంచి కూడా పట్టుకొచ్చి ఖమ్మం బస్సెక్కించిండు. అమ్మ పక్క సీట్ల నేను కూసున్న. కిటికీ పక్కన గాలొస్తుందని లేచి, ఆ చోటు నాకిచ్చింది.