ఎర్తుగుంటకు నీళ్ళు

గునపం మళ్ళీ ఠంగుమంది. ఛాతీ లోతు గుంటలో నిలబడ్డ మనిషి తలెత్తి, గట్టు మీదున్న భార్య వంక చూశాడు.

"రాయేనే. ఈ పక్కనా రాయే."

పొద్దున ఆరింటి నుంచి ఇదే వరస. హైవే పక్కన కార్లకు కరెంటు ఎక్కించే స్టేషను కడుతున్నారు. తెల్లటి రేకుల కప్పు కింద నిలువెత్తు మిషన్లు నాలుగు, ఇంకా ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండా నిలబడి ఉన్నాయి. ఇరవై నిమిషాల్లో కారు బ్యాటరీ నిండుతుందని పెద్ద బోర్డు పెట్టారు. ఆ మిషన్లలో కరెంటు దారి తప్పితే మనుషుల మీదికి రాకుండా నేలలోకి దిగిపోవాలి. అందుకో రాగి కడ్డీ, దానికి పదడుగుల గుంట. ఎర్తుగుంట అంటారు దాన్ని. ప్రారంభం రోజున కప్పునూ మిషన్లనూ ఫొటోలు తీస్తారు గానీ గుంటను ఎవడు తీస్తాడు? కాబట్టి గుంటకు ఇచ్చింది ఒక్కపూట, తవ్వే మనిషికి ఆరువందలు.

సూపర్‌వైజరు వచ్చి గుంటలోకి తొంగి చూశాడు. రాయి కొట్టే మిషను తెప్పిస్తే రోజుకు ఎనిమిది వేలు, పైగా ఎల్లుండి గానీ రాదు. ప్రారంభం రేపు. మూడింటికి ఇన్‌స్పెక్టరు వస్తాడు.

"ఐదడుగులు చాలు. కడ్డీ సగానికి కోసి పెట్టండి," అన్నాడు. పోతూ పోతూ గట్టు మీదున్న ఆమెతో, "నీళ్ళక్కా, మట్టి పూడ్చగానే రెండు కిలోల ఉప్పేసి ఆరు బిందెలు పొయ్యి," అన్నాడు.

మూడేళ్ళుగా ఈ రోడ్డు వెంట స్టేషన్లకు నీళ్ళు మోస్తున్నది కాబట్టి ఆమె నీళ్ళక్క. సిమెంటు దిమ్మెలు తడపడంలో ఆమెకు పేరుంది. నాలుగు బిందెలు చెబితే ఎనిమిది పోసే మనిషి. ఎర్తుగుంటనూ అట్లాగే తడిపేది. సిమెంటు గట్టిపడ్డట్టు మట్టీ గట్టిపడుతుందనుకుంది. ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

వైర్‌మాన్ రంపంతో కడ్డీ కోస్తుంటే చూసి, ఇవాళ మాత్రం ఊరుకోలేకపోయింది.

"సగం కడ్డీ పెడితే పరీక్షలో ఎట్లా పాసవుతుందన్నా?"

వైర్‌మాన్ పకపకా నవ్వాడు. "పాస్ చేయించేది నువ్వే కదమ్మా!"

తర్వాత చల్లగా చెప్పుకొచ్చాడు. నేల ఎంత బాగా కరెంటును మింగుతుందో మీటరు చెబుతుంది. అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. రెండు దాటకూడదు. ఉప్పునీళ్ళు పోస్తే అది టక్కున ఒకటికి పడిపోతుంది. పది రోజుల్లో నేల ఆరాక మళ్ళీ ఇరవై. అప్పటికి కాగితం మీద సంతకం అయిపోయి ఉంటుంది.

"అందరూ చేసేదేలే. చుట్టాలొస్తున్నారని ఇల్లూడ్చుకోమూ? ఇదీ అంతే," అన్నాడు.

నీళ్ళక్కకు నవ్వు రాలేదు. "మరి నాలుగో స్టేషనులో?"

వైర్‌మాన్ రంపం వైపు చూసుకుంటూ అన్నాడు, "అక్కడా రాయే తగిలింది."

నాలుగో స్టేషనులో ఆమె మరిది మిషన్లు తుడిచే పనిలో చేరాడు. రెండు నెలలకు, వానపడిన మర్నాడు, మిషను తలుపు తుడవబోతే కరెంటు కొట్టి అవతల పడేసింది. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి వేళ్ళు ముడుచుకోవు. చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా వదినే పెట్టాలి. తడి చేతులతో ముట్టుకున్నాడు, తప్పు వాడిదే అని రాసుకుపోయారు. నీళ్ళక్క కూడా తిట్టింది. బుద్ధున్నవాడెవడైనా తడి చేతులతో ముట్టుకుంటాడా అని, ఆసుపత్రి మంచం పక్కనే కూర్చుని తిట్టింది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ గుంటకు ఎనిమిది బిందెలు పోసింది తనే.

రెండింటికి గుంట పూడ్చేశారు. ఉప్పు కలిపిన బిందెలు ఆరూ పక్కనే వరసగా ఉన్నాయి.

"ఏమయ్యా, నేను పొయ్యను," అంది మొగుడితో.

అతను అదిరిపడి చుట్టూ చూశాడు. "నోరు ముయ్యవే! రేపట్నుంచి ఈ స్టేషనులో మిషన్లు తుడిచే పని నీదే కదా. నెలకు పద్నాలుగు వేలు. గది."

ఆ గది మాట అతను చెప్పాలా? మిషన్ల వెనక ఎనిమిది అడుగులకు పది. నిన్ననే ఆమె అడుగులేసి కొలిచి, మరిది మంచం ఏ మూల పడుతుందో చూసుకుంది. మూడేళ్ళలో ఏడు చోట్ల టార్పాలిన్ పట్టాలు కట్టుకుని బతికిన మనిషికి గడియ ఉన్న తలుపంటే చిన్న సంగతి కాదు.

"నువ్వు కాకపోతే ఇంకొకరు పోస్తారు," అన్నాడతను గొంతు తగ్గించి. "తుడిచేటప్పుడు చేతులు తడి లేకుండా చూసుకుంటే సరి."

ఆమె అతని మొహంలోకి చూసింది. "నీ తమ్ముడికి నేను చెప్పిందీ అదే కదయ్యా."

అతను గునపం తీసుకుని దూరంగా పోయి కూర్చున్నాడు.

సరిగ్గా మూడింటికి ఇన్‌స్పెక్టరు దిగాడు. పెట్టె తెరిచి, మీటరు తీగ కడ్డీకి తగిలిస్తూ, అలవాటుగా అడిగాడు. "నీళ్ళు పోయించారా?"

"ఆఁ, పోయించాం సార్," అన్నాడు సూపర్‌వైజరు, బిందెల వైపు చూడకుండానే.

"పొయ్యలేదు," అంది నీళ్ళక్క.

సూపర్‌వైజరు గిర్రున తిరిగాడు. "అక్కా! ఏంటి హాస్యమా? పొయ్యి, తొందరగా." జేబులోంచి గది తాళంచెవి తీసి ఆమెకు కనిపించేలా పట్టుకున్నాడు. "ఇదెవరికివ్వమంటావు?"

ఆమె వెళ్ళి గుంట చుట్టూ కట్టిన ఇటుక గట్టు మీద కూర్చుంది.

"లోపల సగం కడ్డీయే ఉంది సార్. నాలుగో స్టేషనులోనూ అంతే. దానికి నీళ్ళు పోసింది నేనే. ఇట్లా పొడిగా ఉండగానే కొలవండి."

ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకున్నాడు. సూపర్‌వైజరు వంగి ఒక బిందె ఎత్తబోతే, దూరంగా కూర్చున్న మొగుడు ఎప్పుడొచ్చాడో వచ్చి ఆ బిందె అంచు పట్టుకున్నాడు. వదల్లేదు.

ఇన్‌స్పెక్టరు కాసేపు ఆ ఇద్దరినీ, కాసేపు ఆమెనూ చూసి మీటరు మీట నొక్కాడు. నీళ్ళక్కకు చదువు రాదు గానీ బిందెలు లెక్కపెట్టిన మనిషికి అంకెలు రాకపోవు. పదకొండు. పంతొమ్మిది. ఇరవైమూడు దగ్గర ఆగింది.

"ఇరవైమూడు," అని పైకే చదివింది.

ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. కాగితం మీద అంకె రాయవలసిన గడి ఖాళీగా ఉంది. కలం మూత తీసి, సూపర్‌వైజరు వైపు చూసి, మళ్ళీ మూత పెట్టాడు. నీళ్ళక్క ఆ గడి మీంచి చూపు తిప్పలేదు, గట్టు మీది నుంచి లేవలేదు.