శంకరమ్మ వాంగ్మూలం

బీమా కంపెనీకి నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగింటికీ ఒకటే జవాబు: విచారణలో ఉంది. ఏం విచారణో, వాళ్ల మొహం!

యుద్ధం అయిపోయిన ఏడాది అది. రోడ్డు కంట్రాక్టులు చేసి పాత కారు కొన్నాను. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న తెలిసిన రైతు కిష్టప్పను, భార్యతో సహా, అందులో మనూరు నుంచి నారాయణఖేడ్ దవాఖానకు తెస్తుంటే టైరు పగిలి, కారు వాగులో పడింది. కిష్టప్ప కాలు దాని కింద నలిగింది. రెండు నెలలైనా ఎముక అతకలేదు, చీము పట్టింది. ఈ వారంలో పట్నం తీసుకుపోకపోతే కాలు తీసేయాలన్నాడు డాక్టరు. ఆ ఖర్చు బీమా కంపెనీ పెట్టాలి. కిరాయి తీసుకుని ఎక్కించుకుంటే మాత్రం పైసా రాదు. నేను తీసుకోలేదు కాబట్టి ధైర్యంగా ఉన్నాను.

చివరికి ఏజెంటు వచ్చాడు. దవాఖాన వరండాలో తాను కుర్చీలో కూర్చుని, కిష్టప్ప భార్య శంకరమ్మను ఎదురుగా నిలబెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

"గిద్యోను మిమ్మల్ని ఊకెనే ఎక్కిచ్చుకున్నడా?" అని నన్ను చూపిస్తూ అడిగాడు.

శంకరమ్మ తలెత్తింది. "ఊకెనే ఎట్లెక్కుతం? మేం అడుక్కతినేటోళ్లమా? కోడినిచ్చినం. గుడ్లు పెట్టే కోడి."

ఆ కోడిని కిరాయి కింద రాసేస్తాడని నాకు తెలిసిపోయింది. ఒట్టి చేతులతో ఒకరి బండెక్కడం మా వైపు తలవంపులు. వద్దంటే నొచ్చుకుంటారని తీసుకున్నాను.

"అది కిరాయి కాదు, మర్యాద" అని అరిచాను.

"తీసుకున్నవా, లేదా?"

"తీసుకున్న."

"తిన్నరా?"

"తిన్నం. అయితే ఏంది?"

అతను రాసుకున్నాడు. నేను శంకరమ్మ పక్కకు వెళ్లి, "కోడి ఇయ్యలేదని చెప్పు, నీకు దండం పెడత" అని గొణిగాను.

"తిని కాదంటవా అన్నా?" అంది. ఆ చూపుకు సిగ్గుతో చచ్చాను. ఆమె కాగితం మీద వేలిముద్ర వేసింది. ఏజెంటు వెళ్లిపోయాడు.

"ఇగ పట్నం ఎప్పుడు తోల్కపోతవ్?"

"పోము శంకరమ్మా. వాళ్లు పైసలియ్యరు."

"ఏం? నేనేమన్న తప్పు చెప్పిన్నా?"

లోపల కిష్టప్ప మూలుగుతున్నాడు.

"నువ్వు కాదు. నేను రాసిన కాగితాలల్ల తప్పుంది."

"చదువుకున్నోనివి, గంత కూడ రాయరాకపాయెనా? నీ మూలాన ఆయన కాలు పాయె గద" అని ఏడుస్తూ తిట్టింది. వరండాలో అందరూ మా వైపే చూస్తున్నారు. నేను తల వంచుకుని అన్నీ విన్నాను.