విన్నవాళ్ళందరూ రావచ్చు

పొంగుతున్న జొన్నబీరు వాసన ఇల్లంతా నిండితే ఎవరికైనా ఆనందంగా ఉంటుంది. మాభేలేకు మాత్రం దిగులుగా ఉంది. శనివారం పెద్దల కార్యం. చనిపోయిన భర్తను తిరిగి ఇంటికి పిలుచుకుని, ఈ ఇంటిని కాచే పెద్దల సరసన కూర్చోబెట్టే రోజు. ఆ రోజు బీరు చాలకపోతే? వాకిట్లోకి వచ్చిన మనిషి గొంతు తడవకుండా తిరిగిపోతే? ఈ గుగులెతు పేట మొత్తం ఆయన పేరును ఆ ఎండిన గొంతుతోనే తలచుకుంటుంది.

పీపాలో కర్ర తిప్పుతూ ఆమె ఈ ఆలోచనలోనే ఉండగా కూతురు యోలిసా ఫోను పట్టుకుని పరుగున వచ్చింది. బయటి దేశాల వాళ్ళకు గుగులెతు వీధులు తిప్పి చూపించడం ఆ పిల్ల బతుకుతెరువు. మాంసం కాల్చే కొట్లు, సందులో పాడే కుర్రాళ్ళు, మంగలి డబ్బాకొట్లు అన్నీ వీడియోలు తీసి పెడుతుంది, చూసినవాళ్ళు వస్తారు. ఏ మలుపులో ఎవడు వాళ్ళ ఫోను లాక్కుంటాడో, ఏ కుక్క కరిచి ఏ కేసు మెడకు చుట్టుకుంటుందో అని తల్లి మాత్రం పిల్ల ఇల్లు చేరేదాకా తలుపు దగ్గరే నిలబడుతుంది.

"అమ్మా, నిన్ను నలభై వేలమంది చూశారు!"

"నన్నా? నేనేం చేశానే?"

ఫోనులో మాభేలే పాత గౌనులో, తలగుడ్డ పక్కకి జారిపోయి, బీరు కలుపుతోంది. వెనక యోలిసా గొంతు హుషారుగా చెబుతోంది: "మా దగ్గర కార్యానికి పిలుపులు ఉండవు. విన్నవాళ్ళు రావడమే, వచ్చినవాళ్ళని కాదనడం ఉండదు. శనివారం మా నాన్న కార్యం!"

మాభేలే చేతిలో కర్ర ఆగిపోయింది. "రోజు కూడా చెప్పేశావా?"

"ఆచారం చెప్పానమ్మా. రమ్మని ఎవరినీ అనలేదు."

"ఆచారం చెప్పి, రోజు చెప్పాక, ఇంక రమ్మనడం వేరే ఉంటుందటే?"

వీడియో కింద వస్తున్నాం, వస్తున్నాం అని వరసగా రాసి ఉన్నాయి. యోలిసా ముఖంలో హుషారు మెల్లగా దిగిపోయింది.

అంతలో మరిది జోలిలే టోపీ కూడా తీయకుండా లోపలికొచ్చాడు. కార్యం నడిపించే పెద్దమనిషి ఆయనే.

"వదినా, టాక్సీలో నా పక్కన కూర్చున్నవాడు నేనెవరో తెలియక, శనివారం మా అన్న కార్యానికి నన్నే రమ్మన్నాడు! బీరు బ్రహ్మాండంగా ఉంటుందట. ఏమే పిల్లా, ముందు అది తీసెయ్."

"తీసేస్తే విన్నవాళ్ళు విననివాళ్ళు అయిపోతారా చిన్నాన్నా?"

"అబ్బో, అచ్చం మీ నాన్న నోరే. అయితే కార్యం వాయిదా పడిందని పెట్టు."

"పెట్టదు," అంది మాభేలే. "ఆయన కోసం పీపా పొంగుతుంటే, ఆయన రోజు అబద్ధమని ఊరికి చెబుతామా?"

మరో పీపా వేద్దామంటే జొన్నలు నానాలి, ఉడకాలి, పులియాలి. శనివారానికి అయ్యే పని కాదు. ప్రహరీ మీంచి పక్కింటి మాగాబా తల ఎత్తింది. "మాభేలే, మీ ఇంటికి ఓడ దిగుతోందటగా! మా పిల్లకి ఓ పొడుగాటి అల్లుణ్ణి తీసి పక్కన పెట్టు!" మాభేలేకు నవ్వు రాలేదు. ఖాళీ పీపా, దాని చుట్టూ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డ నలభై వేలమంది ఆమె కళ్ళముందు కదిలారు.

శుక్రవారం పొద్దున బీరు వడకడుతున్నప్పుడు ఆమె మనసు పుట్టినింటి కార్యాల మీదికి పోయింది. అక్కడ బీరు పంచే మనిషి లేచి, ఏ ఊరివాళ్ళొచ్చారని అడిగేవాడు. ఒక్కో ఊరికి ఒక్కో డబ్బా బీరు. అయిదుగురొచ్చినా, యాభైమంది వచ్చినా అదే డబ్బా చేతులు మారుతుంది. ఎవరికీ సొంత గ్లాసు లేదు. ఎవరూ దాహంతో పోయిందీ లేదు.

ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "జోలిలే, మనం ఎప్పటినుంచి తలలు లెక్కపెడుతున్నాం? ఊళ్ళు కదూ లెక్కపెట్టేది?"

"అయితే?"

"సముద్రం అవతలంతా ఒక ఊరు."

జోలిలే గడ్డం గోక్కున్నాడు. "జర్మనీ, బ్రెజిల్ ఒక ఊరా వదినా?"

"మా పుట్టింటి కొండ వెనక నాలుగు ఊళ్ళుండేవి. వాటిని ఎవరైనా విడదీశారా? అందరూ కొండవతలివాళ్ళే."

ఆయన పెద్దగా నవ్వి టోపీ తీశాడు. మాభేలే తలగుడ్డ గట్టిగా బిగించి కూతురి వైపు తిరిగింది. "పట్టు ఆ ఫోను. నేను మాట్లాడతాను."

అలా నలభై వేలమందీ రెండోసారి ఆమెను చూశారు. "శనివారం వచ్చేవాళ్ళు వినండి. ఆడవాళ్ళు తల కప్పుకోండి. బీరు కూర్చుని తాగుతాం. సముద్రం అవతలివాళ్ళందరికీ కలిపి ఒకటే డబ్బా. ఒకరి ఎంగిలి ఒకరు తాగలేనివాళ్ళు రాకండి." యోలిసా ఫోను దించబోతుంటే ఆపింది. "కాదు, వచ్చి నేర్చుకోండి."

శనివారం వాళ్ళు రానే వచ్చారు. ఆడవాళ్ళు స్నానం తువ్వాళ్ళతో సహా దొరికినవన్నీ తలకు చుట్టుకుని, గేటు దగ్గర పిల్లల్లా వరసలో నిలబడ్డారు. జోలిలే పీపా పక్కన నిలబడి కేకేశాడు. పక్క పేటల్లో ముందు న్యాంగావాళ్ళకు డబ్బా వెళ్ళింది, ఖయెలిత్షావాళ్ళకు వెళ్ళింది. "సముద్రం అవతలివాళ్ళు!" అన్నప్పుడు మాత్రం ఎవరూ కదల్లేదు. ప్రతివాడూ పక్కవాడి వైపు చూశాడు.

"మీరే!" అంది యోలిసా, నవ్వు ఆపుకోలేక.

బీరులో విషం లేదని చూపించడానికి మాభేలే ముందుగా తను ఒక గుక్క తాగి, డబ్బా అందించింది. ఎర్రముఖం మనిషొకడు అందుకుని గటగటా దించుతుంటే, "ఏయ్, అది నీది కాదు, ఊరిది!" అని జోలిలే అరిచాడు. వాడు ఉలిక్కిపడి పక్కనున్నామెకు ఇచ్చాడు. డబ్బా నోటి నుంచి నోటికి చివరిదాకా వెళ్ళి, అడుగున ఇంకా కాస్త మిగిలి, తిరిగొచ్చింది. పీపాలోకి తొంగి చూస్తే సాయంత్రం వాకిలి ఊడ్చేవాళ్ళకు కూడా బీరుంది. ఆమె తలగుడ్డ సర్దుకుంది. భర్త ఇంటికొచ్చాడు, ఆయన వాకిట్లోంచి ఎవరూ ఎండిన గొంతుతో పోలేదు.

వెళ్ళేముందు పోర్చుగల్ నుంచి వచ్చిన అమ్మాయి యోలిసా ద్వారా అడిగింది: "దీనికి మేమేం ఇచ్చుకోవాలి?"

"ఏమీ వద్దు," అన్నాడు జోలిలే దర్జాగా. "మీ ఇంట్లో కార్యం ఉందని వింటే మేమూ వస్తాం. అంతే."

అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "మార్చిలో మా అమ్మమ్మ సంవత్సరీకం!"

మాభేలే విన్నది. చెవులారా విన్నది. ఇక వెళ్ళకుండా ఎలా కుదురుతుంది?

"యోలిసా," అంది గొంతు తగ్గించి, "ఆ ఊరికి టాక్సీలు పోతాయా?"

"విమానంలో వెళ్ళాలమ్మా."

"చచ్చాంరా దేవుడా. అందులో వట్టి చేతులతో కూర్చోమంటారా, బీరు ఎక్కించనిస్తారా?"