మోచేతి గుర్తు

తెనాలిలో నా షెడ్డుకి ఆ కారు వచ్చింది 1987 ఎండాకాలంలో. రేపల్లెలో డాక్టరుగా చేసిన ఆశీర్వాదంగారిది. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన భార్య దేవకుమారిగారు బాపట్లలో టీచరు.

"ఆయన పోయిన తేదీకి సూర్యలంక సముద్రం దాకా వెళ్లొచ్చేలా బాగుచెయ్యి మార్కూ. ఏటా పెళ్లిరోజుకి ఇందులోనే అక్కడికి వెళ్లేవాళ్లం" అన్నారావిడ.

రెండే సీట్ల ఇంగ్లండు కారు. పైకప్పు గుడ్డది. అందులో మూడు రకాలొచ్చాయని కారుతోపాటు ఇచ్చిన పాత పుస్తకంలో బొమ్మలున్నాయి. మొదటి రకానికి తలుపులు మధ్యలో కిందికి కోసినట్టుంటాయి. అద్దాలుండవు, వానొస్తే తెరలు తగిలించుకోవాలి. రెండో రకానికి ఇంజను పెద్దదైంది. మూడోదానికి తలుపులు ఎత్తు పెరిగి, తిప్పితే లేచే అద్దాలొచ్చాయి. డాక్టరుగారిది మొదటి రకం.

బాగుచేయమంటే ఉన్నదున్నట్టు తిరిగివ్వడం మా మెకానిక్కులకి నామోషీ. ఇంజను లేచాక నా చేతులు ఊరుకోలేదు. పెద్దావిడ, పైగా సముద్రపు గాలి. తలుపుల మీద రేకు అతికి, మూడో రకంలా అద్దాలు బిగించాను. అంతకుముందే కుడి తలుపు పాత అంచున అరచేయంత మేర రంగు పోయి ఇనుము కనబడుతుంటే లప్పం పెట్టి, ఎర్రరంగు కొట్టాను. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ఆవిడ వచ్చి కారు చుట్టూ తిరిగి, కుడి తలుపు దగ్గర ఆగారు.

"ఇక్కడ కిందికుండాలి కదా?"

"కొత్త రకంలా చేశానండి. గాలి కొట్టదు."

"ఆయన మోచెయ్యి ఇక్కడే పెట్టుకునేవారు. ఇరవై ఏళ్లు పెట్టి పెట్టి రంగు పోయింది. ఆరేళ్లుగా రోజూ సాయంత్రం కారు దగ్గరికెళ్లి నేను అక్కడ చెయ్యేసి వస్తున్నాను."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ఆవిడ చూస్తుండగానే అద్దాలు పీకాను, అతికిన రేకు కోసేశాను. పాత అంచు బయటపడింది. దానిమీది రంగు గీకబోతుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు నాయనా. గీకితే అది నువ్వు చేసిన గుర్తవుతుంది."

అనుకున్న తేదీకే సూర్యలంక బయల్దేరాం. ఉన్నవి రెండే సీట్లు. ఆవిడకి నడపడం రాదు కాబట్టి డాక్టరుగారి సీటులో నేను కూర్చోవాల్సి వచ్చింది. ఆ తలుపు కోసిన తీరుకి నడిపేవాడి చెయ్యి తనంతట తనే అంచు మీదికి పోతుంది. బాపట్ల నుంచి సముద్రం దాకా, మళ్లీ వెనక్కీ, మోచెయ్యి డొక్కలకి అదిమిపెట్టుకునే నడిపాను.