కెప్టెన్ గారి ఎడమ బూటు

మా నాన్నకి తొంభై ఒక్కేళ్ళు. ఏటా జూన్‌లో మా ఊరు కారిక్‌షాలో హద్దుల సవారీ జరుగుతుంది, అంటే గుర్రాల మీద ఊరి పొలిమేర చుట్టి రావడం. ఆ పొద్దున గుర్రాలు కదలబోయే ముందు ఆయన ఊరి నడిబొడ్డున ఉన్న రాతిస్తంభం మెట్లెక్కి, కెప్టెన్ గిడియన్ లెయిడ్‌లా గారి ఎడమ బూటులో బీరు పోయించుకుని, దించకుండా తాగుతాడు. నలభై మూడేళ్ళుగా తాగుతున్నాడు. అంతకుముందు మా తాత తాగేవాడు, ఆ హక్కు కెప్టెన్ గారి వంశానిది. మూడొందల ఏళ్ళ నాటి బూటులో బీరు తాగడం ఏం గొప్ప అని అడిగేవాళ్ళు మా ఊళ్ళో పుట్టినవాళ్ళు కారు.

కెప్టెన్ గారు రాణి సైన్యంలో చేరి ఫ్లాండర్స్ యుద్ధానికి వెళ్ళి, కుడికాలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు. అందుకే ఎడమ బూటొక్కటే మిగిలింది. అది మా ఇంట్లో పొయ్యి పక్కన ఉంటుంది. నాది పిండిలో మటన్ కూరి కాల్చిన పైలు అమ్మే కొట్టు. మిగిలిన కొవ్వంతా నాన్న ఆ బూటుకే పూస్తాడు. నా మీద అంత శ్రద్ధ ఏనాడూ పెట్టలేదు.

ఈసారి సవారీకి వారం ముందు ఎడింబరో నుంచి నినియన్ కరుథర్స్ అనే లాయరు దిగాడు. తెల్లచొక్కా, తోలుసంచీ, సంచీ నిండా కాగితాలు. సవారీ సంఘం ముందు కూర్చుని తాపీగా మొదలుపెట్టాడు.

"కెప్టెన్ గారికి ఇద్దరు పిల్లలు. కూతురు హెలెన్, కొడుకు జేమ్స్. నేను హెలెన్ వంశం, బూటు నాకు రావాలి. ఈ పెద్దాయన లెయిడ్‌లా గారు జేమ్స్ వంశమని చెప్పుకుంటున్నారు. ఇదిగో చర్చి ఖనన పట్టీ. జేమ్స్ పదిహేడు వందల తొమ్మిదిలో చనిపోయాడు. అప్పటికి వాడి వయసు రెండేళ్ళు."

సంఘం వాళ్ళు మా నాన్న వైపు చూశారు.

"రెండేళ్ళ పిల్లాడికి సంతానం ఎలా కలిగిందో పెద్దాయన చెబితే వింటాను" అన్నాడు నినియన్.

నాన్న బూటు చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. మర్నాటి నుంచి నా కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఇదే వేళాకోళం. "రెండు పైలు ఇవ్వు గ్రిజెల్, చచ్చిన పిల్లాడి మునిమనవరాలివి, చెయ్యి చల్లగా ఉంటుంది" అన్నాడొకడు. వాడికి మాడిన పైలు ఇచ్చి పంపాను. కానీ ఇంట్లో నాన్న ఓట్స్ జావ ముట్టలేదు. బూటుకి కొవ్వు పూయడం మానేశాడు. అది చూస్తే నాకు భయమేసింది. కిందటి చలికాలం న్యుమోనియా వచ్చినప్పుడు కూడా మానలేదు ఆయన.

"ఇంకొక్కసారి తాగి పోతాననుకున్నానే" అన్నాడు గోడవైపు తిరిగి.

నాకు దుఃఖం కన్నా ముందు కోపం వస్తుంది, పుట్టుకతోనే అంత. ఏప్రన్ విప్పకుండానే చర్చికి వెళ్ళాను. మా పాస్టరు ఎల్స్‌పెత్ సవారీ సంఘానికి పెద్ద కూడా. పాతకాలం చర్చి పెద్దల పుస్తకానికి ఎవరో ఓపికమంతుడు రాసిపెట్టిన నకలు ఆవిడ బీరువాలో ఉంది. ఆ రోజుల్లో ఊళ్ళో ఎవడు తాగినా, ఎవతె తిట్టినా, ఎవరికి పెళ్ళికాకుండా పిల్ల పుట్టినా పెద్దలు పిలిచి నిలదీసి రాసుకునేవారు. తప్పు చేసినవాళ్ళని ఆదివారం అందరి ముందు పీట మీద కూర్చోబెట్టేవారు. ఆ పీట ఇప్పటికీ ఉంది, దాని మీద పూలకుండీ పెట్టారు.

రెండు మధ్యాహ్నాలు తిరగేశాం. పదిహేడు వందల పన్నెండు, నవంబరు పేజీ దగ్గర నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"పాస్టరమ్మా, ఇదిగో, జేమ్స్. ఇంకో జేమ్స్. చచ్చిపోయిన బిడ్డ పేరే మళ్ళీ పెట్టాడు."

అవును మరి. మా వాళ్ళకి ఎప్పుడూ ఉన్న అలవాటే అది. పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకి పెట్టేస్తారు. ఎడింబరో లాయరు చనిపోయిన జేమ్స్ దగ్గరే ఆగిపోయాడు. నేను పాస్టరు గారిని గట్టిగా వాటేసుకుని, ఆవిడ కళ్ళజోడు వంకర చేసి, మిగతా పేజీ చదివాను. చదివి కూర్చున్నాను.

ఆ జేమ్స్ తల్లి కెప్టెన్ గారి భార్య కాదు. సారా కాచే మేరియన్ ప్రింగిల్. టౌనుహాల్లో రంగుతో రాసిన బోర్డు మా అందరికీ కంఠస్థం: బూటు కెప్టెన్ గారికి పెళ్ళాడిన భార్య వల్ల పుట్టిన పిల్లల వంశానిదే.

"మొదటి సగం చదివి ఆపేద్దామా?" అన్నాను మెల్లగా.

"పూలకుండీ తీయడం ఎంతసేపు, గ్రిజెల్" అంది ఆవిడ.

పేజీ చూసి రాసుకుని ఇంటికి తెచ్చి రొట్టెల డబ్బాలో దాచాను. మా నాన్న జావ ముట్టని మనిషి, ఆ రోజే రొట్టె తిందామని డబ్బా తీశాడు. నేను కొట్టు కట్టేసి వచ్చేసరికి కాగితం ముందేసుకుని నవ్వుతున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. కట్టుడు పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి.

"అయితే మనం పెళ్ళికాని కడుపున పుట్టామన్నమాట" అన్నాడు పళ్ళు పెట్టుకుని.

"నవ్వకు నాన్నా. బూటు పోతుంది."

"ఎనభై ఏళ్ళు చర్చిలో మర్యాదగా కూర్చుని నడుం విరగ్గొట్టుకున్నాను కదే. ముందే తెలిస్తే కాస్త సరదాగా బతికేవాణ్ణి." కళ్ళు తుడుచుకున్నాడు. "జావ ఉందా?"

రెండు గిన్నెలు తిన్నాడు. ఆ తర్వాత కొవ్వు అడిగాడు.

సవారీ పొద్దున ఊరంతా స్తంభం దగ్గరే ఉంది. నూట పాతిక గుర్రాలు, వాటి మీద వాళ్ళు, కింద మేము. నినియన్ తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని మెట్ల పక్కన నిలబడ్డాడు. నాన్న నా భుజం పట్టుకుని మెట్లెక్కి, కాగితం విప్పి, ఒక్క ముక్క వదలకుండా చదివాడు.

"కెప్టెన్ లెయిడ్‌లా, మేరియన్ ప్రింగిల్ వల్ల కలిగిన మగబిడ్డ తనదేనని ఒప్పుకున్నాడు. పోయిన కొడుకు పేరు పెట్టినట్టు చెప్పాడు. అందుకు మూడు ఆదివారాలు పీట. బిడ్డకి పేరు పెట్టిన రోజున సంతోషం పట్టలేక బజారులో కాలి బూటు విప్పి అందులో బీరు తాగినందుకు ఇంకొక ఆదివారం. పశ్చాత్తాపం ఉందా అని అడగ్గా, మళ్ళీ తాగుతానని చెప్పాడు."

గుర్రాలతో సహా అందరూ నినియన్ వైపు తిరిగారు.

నినియన్ గొంతు సవరించుకున్నాడు. "పెద్దాయన నిజాయితీకి నమస్కారం. కానీ బోర్డు మీద ఉన్న నియమం ప్రకారం..."

"ఉండు బాబూ" అన్నాడు నాన్న. "మీ హెలెన్ పుట్టినప్పుడు కెప్టెన్ గారికి ఎన్ని కాళ్ళు?"

"రెండు."

"బూట్లు?"

"రెండే అయ్యుంటాయి."

"రెండున్నప్పుడు మీవాళ్ళ కోసం ఒక్కటీ విప్పలేదు. మా వాడి కోసం ఉన్న ఒక్కటీ విప్పాడు. ఇది ఎవరి బూటో నువ్వే చెప్పు."

ముందు నవ్వింది పాస్టరు గారే. తర్వాత ఊరు ఊరంతా. నవ్వుకి గుర్రాలు బెదిరి ఒకటి టౌనుహాలు మెట్లెక్కేసింది. నినియన్ కాగితం తీసుకుని లాయరు చూపుతో రెండుసార్లు చదివాడు. రెండోసారి చివరి మాట దగ్గర ఆగాడు. నవ్వాపుకోబోయి ఆయన మూతి ఒక పక్కకి వంకరపోవడం నేను చూశాను.

"మళ్ళీ తాగుతానన్నాడా" అని తనలో తను అనుకుని, కూజా అందుకుని బూటులోకి తనే బీరు పోశాడు.

నాన్న తాగాడు. గడ్డం పైకెత్తి, ఒక చెయ్యి బూటు మడమ కింద, ఒక చెయ్యి వేళ్ళ దగ్గర, ఒక్క చుక్క జారకుండా. నేను ఏడ్చాను, ఎవరేమనుకుంటే నాకేం. తర్వాత ఆయన చేసిన పని సవారీ సంఘం రాతల్లో ఎక్కడా లేదు. బూటు మళ్ళీ నింపించి నినియన్‌కి అందించాడు.

"నువ్వూ ఆయన బిడ్డవేగా. తాగు."

నినియన్ రెండు చేతులతో అందుకున్నాడు. బూటు ఎత్తాడో లేదో, వేళ్ళ దగ్గర నుంచి బీరు బొటబొటా కారి, తెల్లచొక్కా మీదుగా ప్యాంటులోకి దిగింది. పాపం, ఆయన దించకుండా తాగుతూనే ఉన్నాడు.

నాన్న ఆయన చెయ్యి పట్టుకుని బొటనవేలిని బూటు ముందుభాగంలోని కన్నం మీద పెట్టాడు.

"ఇక్కడ మూసిపెట్టాలి అబ్బాయ్. మా తాత మా నాన్నకి చూపించాడు, నాన్న నాకు చూపించాడు. అది నీ కాగితాల్లో ఉండదు."