పప్పు మాడిన సినిమా

పిల్లలకు ఏ సినిమా చూపించాలో తేల్చడానికి నా దగ్గర ఒకటే పరీక్ష ఉంది. పొయ్యి మీద పప్పు పెట్టి సినిమా మొదలుపెడతాను. పప్పు మాడితే అది మంచి సినిమా. మాడకపోతే, దాన్ని ఎంతటివాళ్లు మెచ్చుకున్నా నాకు అక్కర్లేదు. ఈ పరీక్ష మా కోడలికి నచ్చదు. గిన్నెలు తోమేది తనే మరి.

నిరుడు దాకా నాకూ ఈ తెలివి లేదు. నాందేడ్‌లో మా గల్లీలో సగం ఇళ్లు తెలంగాణ అంచున ఉన్న భోకర్, హిమాయత్‌నగర్ వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లవే. గణపతి పండగప్పుడు ఒక సాయంత్రం మండపం ముందు తెర కట్టి పిల్లలకు సినిమా వేస్తాం. ఏ సినిమా అన్నది నేను చెప్పాలి. ఎందుకంటే గల్లీలో నాకున్నంత సినిమా పిచ్చి ఇంకెవరికీ లేదు. నిరుడు ఎవరో పెద్దమనిషి "అందులో నీతి ఉంది" అన్నాడని, చూడకుండానే ఒకటి వేయించాను. నీతి ఉన్న మాట నిజమే, దండిగా ఉంది. పిల్లలు "ఆజీ, ఝోప్ ఆలీ! నిద్రొస్తుంది అవ్వా" అని ఆవులిస్తూ ఒక్కొక్కరే ఇళ్లకు జారుకున్నారు. చివరికి తెర ముందు నేనూ, వినాయకుడూ మిగిలాం. నిమజ్జనం దాకా ఆయనకు వేరే దారి లేదు కాబట్టి ఉన్నాడు.

ఈ ఏడు మండపం పెద్ద మా తమ్ముడి కొడుకు కైలాశ్. పండగకు చాలా ముందే వచ్చి మా గడపలో కూర్చున్నాడు.

"అత్తమ్మా, ఈసారి సినిమా నేను పెడ్త. మంచి కొట్లాట సినిమా. ఒక్క పోరడు గూడ లేవడు."

"కొట్లాట చూడనీకి తెర ఎందుకురా? మీ ఇంటి ముంగట నిలబడ్తె సాలదా?"

వాడికి కోపం రాలేదు, నవ్వాడు. దాంతో నాకు ఇంకా మండింది.

"సరే, ఒక షర్తు," అన్నాడు. "నువ్వు చెప్పిందే పెడ్త. అది అయిపోకముందు ఒక్క పిల్ల లేచినా, ఇగ సినిమా సంగతి నాదే. నువ్వు నోరు తెరువొద్దు."

నోరు తెరవకుండా నేను బతకగలనా? అయినా రోషం కొద్దీ ఒప్పుకున్నాను.

ఇక రోజూ మనవరాలు సాక్షి ఫోన్ పట్టుకుని పొయ్యి పక్కనే నా కాపురం. పేరు మోసిన సినిమాలకు కూడా పప్పు చక్కగా ఉడికింది. ఒక రోజు, తప్పిపోయిన మేకపిల్ల కోసం ఒక చిన్నపిల్ల సంతలన్నీ తిరిగే సినిమా దొరికింది. అందులో మాటలు చాలా తక్కువ. సగంలో ఉండగా కోడలు ఉరికొచ్చి పొయ్యి ఆపింది.

"అత్తమ్మా! ఇల్లంత పొగ నిండింది, నీకు వాసన అస్తలేదా?"

రాలేదు. పప్పు బొగ్గయింది. నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది.

సినిమా వేసిన సాయంత్రం కైలాశ్ మండపం పక్కనే పెద్ద గంజులో ప్రసాదం కిచిడీ వండుతున్నాడు. ఆ పనిలో గరిట ఇంకొకరి చేతికివ్వడు. కిచిడీ కలుపుతూనే, ఎవరు లేస్తారా అని ఓ కన్ను పిల్లల మీద వేసి ఉంచాడు. నేను మాత్రం తెర వైపు చూడనే లేదు. పిల్లలనే చూస్తూ, గణపతికి మొక్కుకుంటూ కూర్చున్నాను.

సినిమా సాగుతోంది. పిల్లలు నవ్వారు, అరిచారు, చప్పట్లు కొట్టారు. ఇంతలో, అందరికన్నా చిన్నదైన ప్రతీక్ష దిగ్గున లేచింది. అయిపోయింది, ఇక నా నోటికి తాళమే అనుకున్నాను.

అది తెర వైపు చెయ్యి చాపి, గొంతు చించుకుని అరిచింది: "తాయీ, మాగే బఘ! అక్కా, వెనుక, వెనుక!"

తెర మీద ఆ పిల్ల మేకపిల్లను వెతుకుతూనే ఉంది. మేకపిల్లేమో సరిగ్గా ఆ పిల్ల వెనకే నిలబడి గడ్డి నములుతోంది. గల్లీ మొత్తం ఒక్కటై అరిచింది. ఇప్పుడు కైలాశ్ కేకేస్తాడని నేను బిగుసుకుని కూర్చున్నాను. కేక రాలేదు. దాని బదులు వాసన వచ్చింది. నాకు బాగా తెలిసిన వాసన.

మెల్లగా తల తిప్పి చూశాను. కైలాశ్ గరిటను గాల్లోనే పట్టుకుని, నోరు తెరిచి తెరనే చూస్తున్నాడు. వాడి ముందు గంజులోంచి నల్లటి పొగ లేస్తోంది. చెబుదామని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. అంత సంతోషంలో నోరు మూసుకోవడం నాకు అదే మొదటిసారి.

సినిమా అయ్యాక వాడు నా దగ్గరికి వచ్చాడు. కళ్లు తుడుచుకుంటూ, "పొగ," అన్నాడు. "అత్తమ్మా, కిచిడీ అడుగంటింది."

"కానీరా. మరి షర్తు? నడిమిట్ల ప్రతీక్ష లేచింది గద?"

కైలాశ్ తెల్లబోయి చూశాడు.

"లేచిందా? ఎప్పుడు?"

పిల్లలు బంతి కట్టి కూర్చుని, మేకపిల్ల గురించి తెలుగులో సగం, మరాఠీలో సగం గోల చేస్తూ మాడిన కిచిడీని లొట్టలేసుకుంటూ తిన్నారు. నేను మాత్రం గంజు అడుగున నల్లగా పట్టిన మాడును కైలాశ్ చేతనే గీకించి, నా పళ్లెంలో వేయించుకున్నాను. అంత కమ్మటి కిచిడీ నా జన్మలో తినలేదు.