జేగురు రాతల తలుపు

పైడమ్మ ఇంటి తలుపుకి లోపలివైపు తడిగుడ్డ తగిలి పదిహేనేళ్ళయింది.

బయటివైపు మాత్రం పండగ పండగకీ కుంకుడు రసంతో తోమేది. గడపకి పసుపు రాసి బొట్లు పెట్టేది. లోపలివైపు జోలికి పోయేది కాదు. అటు గవర్నమెంటు రాత ఉంది. మలేరియా మందు కొట్టేవాళ్ళు వచ్చినప్పుడల్లా జేగురుతో ఇంటి నంబరూ, తేదీ, పొడి సంతకం రాసి పోయేవారు. ఆ ఎర్రటి రాతలు పైనుంచి మోకాలి ఎత్తు దాకా వరస కట్టి ఉన్నాయి. పైడమ్మకి చదువు రాదు. అయినా ఏ రాత ఏ ఏడాదిదో తెలుసు. "ఇది మా ఆయన పోయిన ఏడు. ఇది తుపానొచ్చిన ఏడు" అని వేలు తలుపుకి తగలకుండా చూపించేది.

పక్క గుడిసె అప్పాయమ్మకి ఆ తలుపు చూస్తే ఒళ్ళు మంట.

"ఏంటొదినా, అది తలుపా, ఎలక్షన్ల గోడా? నాలుగు కుంకుడుకాయలకి కూడా లోభమా నీకు?"

"ఏటోలే అప్పాయమ్మా. సర్కారోరి రాత. సెరిపితే జైలంట."

"నేను ఏటా కడుగుతున్నాను, నన్నెవడూ పట్టుకెళ్ళలేదే! పట్టుకెళ్తే బావుణ్ణు, కూచోబెట్టి అన్నం పెడతారు."

ఇద్దరూ ఉప్పుడు బియ్యం మిల్లులో పనిచేస్తారు. ఉడికిన ధాన్యం సిమెంటు కళ్ళం మీద పరిచి, ఎండలో కాళ్ళతో తిరగేస్తూ వరసగా నడవడం వాళ్ళ పని. అప్పాయమ్మది పక్కూరే. పైడమ్మది విజయనగరం అవతల మెట్ట. వానల్లేని ఏడు మొగుడు సింహాచలంతో కలిసి వచ్చి కాలవ గట్టున దిగింది. సింహాచలం గోడలు లేవకముందే తలుపు చేశాడు. కాలవలో నానిపోతున్న పాత పడవ చెక్కలు ఊడబెరికి, చిత్రిక పట్టి, ఇనుప బందులు బిగించాడు. "తలుపుంటే ఇల్లున్నట్టే. గోడలదేముంది, అయ్యే లేత్తాయి" అన్నాడట. ఆరేళ్ళ తర్వాత అతను పోతే ఆ గట్టు చివరే దహనం చేశారు.

గోడలు లేచిన ఏడాదే యెహెజ్కేలు మందు పంపు భుజాన వేసుకుని వచ్చాడు. అప్పటికి ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. లోపలంతా మందు కొట్టి, వానకి తడవకుండా తలుపు లోపలివైపు రాసి, "గవర్నమెంటు రాతమ్మా, చెరిపితే జైలు" అని చెప్పి వెళ్ళాడు. ఆ మాట ఆయన ప్రతి ఇంట్లోనూ చెప్పాడు. జనం నవ్వుకుని, పండగ రాగానే కడిగేసుకున్నారు. పైడమ్మ నవ్వలేదు.

రెండువేల రెండులో దసరా వెళ్ళాక పైడమ్మ ఎప్పటిలాగే సొంతూరు బయల్దేరింది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారికి సిరిమాను సంబరం. ఆ తల్లి పేరే ఆవిడకి పెట్టారు. ఏటా ఓ పది రోజులు అక్కడుండి మొక్కు చెల్లించుకుని వస్తుంది.

తిరిగొచ్చేసరికి తలుపు బయటివైపు ఎవరో సుద్దముక్కతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి ఉంచారు.

"అపశకునంలా ఏంటది, తుడిచెయ్యి ముందు" అంది అప్పాయమ్మ.

"ఎవులు రాసినారు?"

"రేషన్ కార్డుల సర్వే అంట. ఆఫీసు నుంచొచ్చారు."

"ఆఫీసోరా? అయితే ఉండనీ."

ఆ నెల బియ్యానికి వెళ్తే డిపో సత్తిరాజు సంచీ అందుకోలేదు.

"నీ పేరు కొట్టేశారమ్మా. ఇదిగో, 'ఇల్లు తాళం, వలస మనిషి, ఊళ్ళో ఉండదు' అని రాసి ఉంది. నువ్వొక్కదానివే కాదులే, గట్టు మీద మొత్తం పన్నెండిళ్ళు."

"ఊళ్ళో ఉండనా? నిన్న నీ యెదరే కదా కాలవలో గిన్నెలు తోముకున్నాను సత్తిరాజుబాబూ!"

"నాకు తెలుసు. నాకు తెలిస్తే సరిపోద్దేంటి? సోమవారం లిస్టు మూసేస్తారంట. ఈలోపే వెళ్ళి చెప్పుకో."

వానాకాలం మూడు నెలలూ ఎండ ఉండదు, కళ్ళం పని ఉండదు. ఆ నెలల్లో పైడమ్మ పొయ్యి మీద ఉడికేది ఆ కార్డు బియ్యమే. అవి లేకపోతే గట్టు దిగి ఎక్కడికో పోవాలి. ఎక్కడికో ఆవిడకి తెలియదు. కిందటి తుపాను తర్వాత సొంతూళ్ళో ఓసారి అడిగి చూసింది. "నువ్వు గోదారి మనిషివైపోయావు, ఇక్కడ నీకేటుంది?" అన్నారు వాళ్ళు. ఇక్కడేమో వలస మనిషి అంటున్నారు.

శుక్రవారం మండలాఫీసుకి వెళ్ళింది. గుమాస్తా వెంకటరాజు తలెత్తకుండానే రూలు చెప్పాడు.

"అయిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నట్టు రుజువు కావాలమ్మా. ఇంటిపన్ను రసీదుందా?"

"కాలవ గట్టుకి పన్ను ఎవులు రాత్తారు బాబూ?"

"ఓటర్ల లిస్టులో పేరు?"

"గట్టోళ్ళని ఎక్కించలేదు."

"మిల్లువాళ్ళ చేత కాయితం రాయించుకురా."

అదీ అయింది. మిల్లు మేస్త్రీ పొద్దున్నే చెప్పేశాడు, "పేరు రాసిస్తే రేపు మాకు లేనిపోని చిక్కులు, నన్నడక్కు" అని. పదిహేనేళ్ళుగా ఆ కళ్ళం మీద ఆవిడ నడిచిన నడక ఓ వరసలో పెడితే కాశీ వెళ్ళి రావచ్చు. కాయితం మీద మాత్రం ఒక్క అడుగు కూడా పడలేదు.

"మరేటి చెయ్యమంటారు బాబూ?"

వెంకటరాజు విసుక్కున్నాడు. "గవర్నమెంటు వాళ్ళు రాసిందేదైనా సరే పట్రా. తేదీ ఉండాలి, సంతకం ఉండాలి. అవి లేకుండా రాకు."

పైడమ్మ ఇంటికొచ్చి తలుపు మూసి, గోడకి చేరగిలబడింది. మధ్యాహ్నపు ఎండ పడవ చెక్కల సందుల్లోంచి గీతలు గీతలుగా లోపలికి పడుతోంది. ఆ వెలుతుర్లో జేగురు రాతలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తున్నాయి. తేదీ ఉండాలి, సంతకం ఉండాలి. ఆవిడ లేచి, తలుపు తీసి కేకేసింది.

"అప్పాయమ్మా! మీ ఇంట్లో సుత్తుందా?"

ఆఫీసు సెలవులయ్యాక సోమవారం పొద్దున్న తలుపు ఊడదీశారు. బందులు తుప్పుపట్టి ఓ పట్టాన రాలేదు. అప్పాయమ్మ తిడుతూనే సాయం పట్టింది. "నీకు మతి పోయిందొదినా. ఆఫీసుకి అర్జీ పట్టుకెళ్తారు గానీ తలుపు పట్టుకెళ్తారా? తలుపు లేని ఇంట్లో దొంగలు పడితే?"

"పడనీ. ఆళ్ళకీ బియ్యం దొరకవు."

పేరు పోయిన ఇళ్ళ ఆడవాళ్ళు ఆరుగురు వచ్చి చేరారు. చుట్టకుదుళ్ళు పెట్టుకుని, రాతలు పైకి కనిపించేలా తలుపుని నెత్తి మీదకి ఎత్తుకున్నారు. పైడమ్మ ముందు నడిచింది. కాలవ గట్టు మీంచి రోడ్డెక్కేసరికి మండపేట నుంచి వచ్చే ధాన్యం లారీ ఒకటి ఆగిపోయింది.

"ఏంటమ్మా, ఇల్లు మారుతున్నారా?" అన్నాడు డ్రైవరు.

"ఇల్లు ఆఫీసుకెళ్తంది, దారియ్యి" అంది పైడమ్మ.

డ్రైవరు నవ్వి, లారీ పక్కకి తీసి, వాళ్ళు దాటేదాకా హారను కొడుతూనే ఉన్నాడు. దాంతో బడ్డీకొట్ల దగ్గరివాళ్ళూ, సైకిళ్ళ మీద పోయేవాళ్ళూ వెంటపడ్డారు. ఆఫీసు వసారాలో తలుపు దించేసరికి చుట్టూ యాభై మంది ఉన్నారు.

వెంకటరాజు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటిది? ఇక్కడెవరు పెట్టమన్నారు? తియ్యండి, తియ్యండి."

"మీరే కదా బాబూ పట్రమ్మన్నారు. తేదీ ఉంది, సంతకం ఉంది. సూసుకోండి."

ఆ గోల విని ఎమ్మార్వో గారు బయటికొచ్చారు. కళ్ళజోడు పెట్టుకున్న నడివయసావిడ. వంగి మొదటి వరస నుంచి చదివారు. ఎనభై ఏడు, జులై. ఎనభై ఎనిమిది, జూన్. మధ్యలో తొంభై ఒకటి జనాభా లెక్కల వాళ్ళు నీలం రంగుతో వేసిన నంబరు, కింద రెండువేల ఒకటి వాళ్ళు వేసింది. అన్నిటి పక్కనా ఒకటే ఇంటి గుర్తు, గట్టు ముప్ఫై ఒకటి.

"ఎవరమ్మా నువ్వు?"

"పైడమ్మనండి. ఊళ్ళో లేనని కార్డు తీసేసినారు. గట్టు మీద ఇంకో పదకొండిళ్ళయీ అంతే. సిరిమానుకెళ్ళి పదిరోజుల్లో వచ్చేసినానండి. దేవుడికి మొక్కుకెళ్తే ఇల్లొదిలేసినట్టా అమ్మా?"

వెంకటరాజు మధ్యలో అందుకున్నాడు. "మేడమ్, ఇది తలుపండి. రేపు ఇంకోడు ఇంకో ఊరి తలుపు మోసుకొస్తాడు. ఇది ఆ గట్టు మీద ఇంటిదే అని ఏంటి గ్యారంటీ?"

వెంటొచ్చిన అప్పాయమ్మ నెత్తి కొట్టుకుంది. పైడమ్మ మాత్రం తోటి ఆడవాళ్ళకి చేత్తో సైగ చేసింది. ఆరుగురూ తలుపుని లేపి తిరగేశారు. బయటివైపు సుద్దరాత, చుట్టకుదుళ్ళు తగిలిన చోట కాస్త మసకబారినా, చదవడానికి వీలుగానే ఉంది.

"ఇదెవులు రాసినారు బాబూ?"

ఎమ్మార్వో గారే చదివారు. "గట్టు ముప్ఫై ఒకటి. తాళం. వలస. సంతకం..." ఆవిడ కళ్ళజోడు సర్దుకుని గుమాస్తా వైపు చూశారు. "మీదే కదండీ, వెంకటరాజు గారూ?"

"నాదేనండి" అన్నాడు నెమ్మదిగా.

"ఇది ఆ ఇంటి తలుపు కాపోతే, మీరెవులింటికి తాళం ఏసుందని రాసినారు బాబూ?" అంది పైడమ్మ.

వెనకనుంచి ఎవరో ఈల వేశారు. ఎమ్మార్వో గారు నవ్వు ఆపుకుంటూ, తలుపు మళ్ళీ తిప్పించి, లోపలివైపు సంతకాలు ఎవరివని అడిగారు. రోడ్డవతల ఆరోగ్యకేంద్రం నుంచి యెహెజ్కేలుని పిలుచుకొచ్చారు. పదిహేనేళ్ళలో ఆయన జుట్టు సగం నెరిసింది. తలుపు ముందు గొంతుకూర్చున్నాడు. మొట్టమొదటి రాత మీద వేలుంచాడు.

"ఇది నా చేతి మీదుగా పడ్డ మొదటి సంతకం మేడమ్. ఉద్యోగంలో చేరిన నెల. అప్పుడింకా సంతకం కూడా సరిగా కుదర్లేదు నాకు." ఆయన పైడమ్మని చూపించాడు. "చెరిపితే జైలని ఊరంతా చెప్పానండి. ఊరికే బెదిరించడానికే. విన్నది ఈవిడొక్కతే."

"మీ దగ్గర ఇళ్ళ జాబితా ఉంటుందా?"

"మందు కొట్టిన ప్రతి ఇల్లూ ఉంటుందండి. గట్టు మీద మొదటి ఇంటి నుంచీ. ఏ ఏడు ఎవరున్నారో అన్నీ."

"అది పట్రండి. ఆ పన్నెండిళ్ళూ సరిచూద్దాం. లిస్టు సాయంత్రం దాకా ముయ్యొద్దు."

సాయంత్రానికి పన్నెండు పేర్లూ తిరిగి ఎక్కాయి. పైడమ్మ పేరు ఎమ్మార్వో గారు తన చేత్తోనే రాసి, కార్డు మీద స్టాంపు వేయించి ఇచ్చారు. ఆవిడ దాన్ని కొంగున ముడేసుకోలేదు, చేతిలోనే పట్టుకుని నిలబడింది. కొత్తగా పెళ్ళయిన ఆడపిల్ల పుస్తెలు తడుముకున్నట్టు మాటిమాటికీ చూసుకుంటోంది.

అప్పాయమ్మ యెహెజ్కేలు సైకిలు పట్టుకుని వదలడం లేదు. "మా తలుపు మీద కూడా రాద్దురూ. ఈసారి కడిగితే నా చేతులిరిగిపోవాలి."

"మందు కొట్టడానికి వచ్చినప్పుడు రాస్తాలేమ్మా."

"మందు లేకపోయినా రాయండి బాబూ, మీ సొమ్మేం పోయింది!"

ఆడవాళ్ళు మళ్ళీ చుట్టకుదుళ్ళు సర్దుకున్నారు. తలుపు పక్కకి నిలబెట్టి ఎత్తబోతుంటే ఎమ్మార్వో గారికి సుద్దరాత గుర్తొచ్చింది.

"వెంకటరాజు గారూ, అది తప్పని తేలింది కదా. మీ రాత మీరే తుడిచి పంపించండి."

వెంకటరాజు బిక్కముఖంతో బల్ల మీది తడిగుడ్డ తెచ్చి వంగాడు. పైడమ్మ చప్పున అడ్డం వచ్చి, తలుపు మీద అరచెయ్యి చాచింది.

"వద్దు బాబూ, వద్దు. సెరిపితే జైలు."

వసారా అంతా గొల్లుమంది. వెంకటరాజు కూడా నవ్వేశాడు. ఆ నవ్వుల మధ్యే తలుపు ఆరుగురి నెత్తి మీదకి లేచింది. పైడమ్మ కార్డు పైకెత్తి పట్టుకుని, వచ్చినట్టే ముందు నడిచింది.